మీ ఊరి ఆటల క్లబ్‌లో పిల్లలకు రక్షణ ఏర్పాట్లు ఎలా చేయాలి

2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి రెండు లిఫ్టులూ కలిపి 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చాక, శ్రీకాకుళం జిల్లాలో ఆమె సొంత ప్రాంతం ఆమదాలవలస చుట్టుపక్కల ఆడపిల్ల బరువులెత్తే బార్ పట్టుకుంటే వింతగా చూడటం తగ్గింది. అటు విజయనగరం జిల్లాలో నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ పేరు చెబితే వెయిట్‌లిఫ్టింగే గుర్తొస్తుంది. ఆ ఊరమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది. అందుకే మా వైపు ఇళ్లలో ఒక ఆశ ఉంటుంది. పిల్ల గట్టిగా పట్టుకుంటే స్పోర్ట్స్ కోటాలో ఏదో ఒక ఉద్యోగం రాకపోదని. తెల్లారకముందే పిల్లల్ని లేపి క్లబ్‌కి పంపిస్తారు. పంపేటప్పుడు అందరిదీ ఒకటే మాట: "మాస్టారు ఉన్నారు కదా."

నేను కూడా ఆ మాట మీదే పదకొండేళ్లు ఊళ్లో క్లబ్ నడిపాను. మాస్టారు మంచివాడైతే సరే. కాకపోతే ఆ సంగతి అందరికన్నా చివర తెలిసేది తల్లిదండ్రులకే. అందుకని మీరు కొత్తగా క్లబ్ పెడుతున్నా, పాతదాన్ని సరిచేస్తున్నా, కోచ్ మంచితనాన్ని లెక్కలోకి తీసుకోకండి. రేపు ఆ చోటులోకి ఎవరొచ్చినా పిల్లలకు హాని చేయడం కష్టమయ్యేలా ఏర్పాట్లు చేసుకోండి. ఈ ఏర్పాట్లకు డబ్బు పెద్దగా అక్కర్లేదు, మొహమాటం మాత్రం వదులుకోవాలి.

ముందు ఒక పుస్తకం కొనండి

రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ చాలు. ఒక్కో పిల్లకి ఒక్కో పేజీ. పుట్టినతేదీ సర్టిఫికెట్ చూసి రాయండి, నోటితో చెప్పింది రాయకండి. ఫిట్స్, ఆయాసం, పాత దెబ్బలు లాంటివి ఉంటే రాయండి.

మన దగ్గర అసలు చిక్కు తర్వాతి గడిలో వస్తుంది: పిల్లకి బాధ్యులెవరు? శ్రీకాకుళం తీరంలో వేటకెళ్లేవాళ్లు సగం ఏడాది గుజరాత్‌లో ఉంటారు. లోపలి ఊళ్లవాళ్లు చెన్నైకో హైదరాబాద్‌కో కూలికెళతారు. పిల్ల మామ్మ దగ్గరుంటుంది. మామ్మకి ఫోన్ ఉండదు, ఉన్నా నంబర్ నొక్కడం రాదు. ఇలాంటి పిల్లల పేజీకి ఎర్ర గీత పెట్టుకోండి. పిల్లల్ని లోబరుచుకోవాలనుకునేవాడు వెతికేది సరిగ్గా వీళ్లనే. అడిగేవాళ్లు లేరని వాడికి తెలుసు. తల్లికి మీరే ఫోన్ చేసి మాట్లాడండి. ఊళ్లో ఇంకో పెద్దమనిషి, పిన్నో మేనమామో, పేరు రాయించుకోండి. ఇంటికి తీసుకెళ్లేదెవరో కూడా అదే పేజీలో ఉండాలి.

వయసు విషయంలో ఒక మాట. అండర్-17 జట్టులోకి పంతొమ్మిదేళ్లవాణ్ని దొంగ సర్టిఫికెట్‌తో దూర్చడం మనవాళ్లు చిన్న తెలివితేటలనుకుంటారు. టూర్‌లో వాడు పదమూడేళ్ల పిల్లాడి పక్కనే పడుకుంటాడు. వయసు మోసం పతకంతో ఆగదు.

ఇద్దరు మనుషుల్ని ఎంచుకోండి

పిల్లలు ఏదైనా చెప్పుకోవడానికి ఒక ఆడమనిషి, ఒక మగమనిషి. ఇద్దరిలో ఎవరూ కోచ్ కాకూడదు, కోచ్‌కి చుట్టం కాకూడదు. చెప్పడం తేలికే, చేయడమే కష్టం. మన ఊళ్లలో కోచ్ ప్రెసిడెంట్‌కి బావమరిది, ట్రెజరర్‌కి మేనల్లుడు. మొత్తం కమిటీ ఒకే వీధిలో ఉంటుంది. అలాంటప్పుడు బయటివాళ్లని అడగండి. అంగన్‌వాడీ టీచరు, హైస్కూల్ పీఈటీ, సచివాలయంలో మహిళా పోలీసు, ఆశా కార్యకర్త. మా దగ్గర రిటైరైన తెలుగు మేడం ఒప్పుకున్నారు. ఆవిడకి బరువెత్తే పద్ధతులు రెండే, స్నాచ్‌కీ జర్క్‌కీ కూడా తేడా తెలియదు. వారానికోసారి వచ్చి అరుగు మీద కూర్చునేవారు, అంతే. పిల్లలు ఆవిడ దగ్గరికే వెళ్లి మాట్లాడేవారు.

ఆ ఇద్దరి పేర్లు, నంబర్లు గోడ మీద పెయింట్‌తో రాయించండి. కింద పిల్లల హెల్ప్‌లైన్ 1098, అత్యవసర నంబర్ 112 కూడా. కాగితం అంటిస్తే వారంలో చిరిగిపోతుంది. కొన్నిసార్లు ఎవరో చింపుతారు.

కోచ్‌ని పెట్టుకునే ముందు

పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టడానికి 2012లో తెచ్చిన పోక్సో చట్టానికి 2020లో కొత్త నిబంధనలు వచ్చాయి. పిల్లలతో రోజూ పనుండే ఏ సంస్థయినా తన సిబ్బంది అందరికీ పోలీస్ వెరిఫికేషన్ చేయించాలని, అది అప్పుడప్పుడూ మళ్లీ చేయించాలని వాటిలో ఉంది. బడులతో పాటు స్పోర్ట్స్ అకాడమీలని పేరు పెట్టి మరీ చెప్పారు. కాంట్రాక్టు మనిషికీ ఇది వర్తిస్తుంది. మీ స్టేషన్‌కెళ్లి అడగండి. "మనోడికి వెరిఫికేషన్ ఏటండీ" అని కమిటీలో ఎవరో ఒకరు నవ్వుతారు. నవ్వనివ్వండి.

వెరిఫికేషన్‌లో ఏమీ రాలేదంటే ఇంతవరకు కేసు లేదని మాత్రమే అర్థం. అందుకని ఆయన ఇంతకుముందు పనిచేసిన చోటికి మీరే ఫోన్ చేయండి. "మనిషి ఎలాంటివాడు?" అని అడిగితే అందరూ మంచోడనే అంటారు. "ఎందుకు మానేశాడు? మీ అమ్మాయిని మళ్లీ ఆయన దగ్గరికి పంపుతారా?" అని అడగండి. రెండో ప్రశ్నకి అవతలివాళ్లు తటపటాయిస్తే విషయం అర్థం చేసుకోండి.

పిల్లలు తిరిగే ప్రతి చోటూ తిరిగి చూడండి

ఒక సాయంత్రం ప్రాక్టీస్ జరుగుతుండగా పదేళ్ల పిల్ల వెంట నడవండి. గేటు నుంచి మళ్లీ గేటు దాకా. ఎక్కడ బట్టలు మార్చుకుంటోంది? ఎక్కడికెళ్లి మంచినీళ్లు తాగుతోంది? కరెంటు పోతే ఏం చేస్తున్నారు? మా క్లబ్‌లో నేనిలా తిరిగినప్పుడు మూడు కనబడ్డాయి. బాత్రూమ్ తలుపుకి లోపల గడియ లేదు. ఆడపిల్లలు బట్టలు మార్చుకునే మూల, సామాన్ల గదికి వెళ్లే దారిలో ఉంది. సామాన్ల గది తాళం ఒక్కరి దగ్గరే ఉంది. ఏళ్ల తరబడి రోజూ అక్కడే ఉన్నాను, ఒక్కటీ పట్టించుకోలేదు. గడియకి, కర్టెన్‌కి కలిపి అయిన ఖర్చు ఒక పూట టిఫిన్ల ఖర్చు కన్నా తక్కువ.

ఆ తర్వాత పెట్టుకోవాల్సిన ముఖ్యమైన నియమం ఇది: పెద్దవాళ్లెవరూ ఒక పిల్లతో ఒంటరిగా, ఇతరుల కంటికి కనబడని చోట ఉండకూడదు. విడిగా మాట్లాడాలంటే గ్రౌండ్ మధ్యలోనో, తలుపు తీసిన గదిలోనో మాట్లాడండి. మాట వినబడనక్కర్లేదు, మనుషులు కనబడితే చాలు. బండి మీద ఒక్క పిల్లని ఎక్కించుకుని దింపడం మానేయండి. తప్పదంటే ఇంటికి ఫోన్ చేసి చెప్పి, మరొకర్ని తోడు తీసుకెళ్లండి. ఇది మంచి కోచ్‌కీ రక్షణే. లేనిపోని మాట పడకుండా ఉంటాడు.

చేయి తగలకుండా ఆట నేర్పలేం. చెడుగుడులో నడుం పట్టు నేర్పాలి, లిఫ్టింగ్‌లో వెన్ను నిటారుగా ఉందో లేదో చేత్తో చూపించాలి. కాబట్టి ముట్టుకునే ముందు "భుజం వెనక్కి నొక్కుతాను, సరేనా?" అని అడగడం అలవాటు చేసుకోండి. పిల్ల వద్దంటే ఇంకో పిల్ల మీదో, కర్రతోనో చూపించండి. వద్దన్నందుకు ఆ రోజు ప్రాక్టీస్ తగ్గించకూడదు, ముఖం మాడ్చుకోకూడదు. బరువు తూచేటప్పుడు ఆడపిల్లల దగ్గర ఆడవాళ్లే ఉండాలి. అంతర్జాతీయ పోటీల్లోనూ అదే పద్ధతి.

మసాజ్, ఫిజియో పేరుతో జరిగేవాటిని అందరికన్నా ఎక్కువగా గమనించండి. అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టు డాక్టర్ ల్యారీ నాసర్ చికిత్స పేరుతోనే ఏళ్ల తరబడి ఆడపిల్లల మీద అఘాయిత్యం చేశాడు. 2018లో కోర్టులో 156 మంది తమ గోడు చెప్పుకున్నారు. కొందరి విషయంలో తల్లి అదే గదిలో ఉన్నా పోల్చుకోలేకపోయింది. కాబట్టి క్లబ్‌లో మసాజ్ వద్దు. కండరం పట్టేస్తే ఐసు ముక్క, తగ్గకపోతే ఆస్పత్రి.

ఆడపిల్లల గురించే భయపడి మగపిల్లల్ని గాలికొదిలేసే అలవాటు మనది. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రచురించిన అధ్యయనంలో 53 శాతం పిల్లలు ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. వాళ్లలో సగానికి పైగా మగపిల్లలే. పోక్సో చట్టం కూడా పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలందరికీ ఒకటే, ఆడా మగా తేడా లేదు. సీనియర్లు జూనియర్ల చేత బట్టలు ఉతికించుకోవడం, రాత్రిపూట "ఆటపట్టించడం" మాకూ జరిగిందిలే అని వదిలేయకండి.

ఫోన్లు, బహుమతులు, సర్టిఫికెట్లు

వాట్సాప్‌లో ఒకే గ్రూప్ పెట్టండి, తల్లిదండ్రులు కూడా అందులో ఉండాలి. చెన్నైలో ఉన్న తండ్రికీ కనబడుతుంది. పిల్లకి విడిగా మెసేజ్ పెట్టకూడదని కోచ్‌లకి రాసిచ్చి సంతకం తీసుకోండి. సింగ్లెట్‌లో, అంటే ఒంటికి అతుక్కునే ఆట బట్టల్లో ఉన్న ఫొటోలు ఎవరి స్టేటస్‌లోనూ కనబడకూడదు.

ఒకే పిల్లకి పదే పదే షూ కొనిపెట్టడం, రీఛార్జ్ చేయించడం, ప్రోటీన్ డబ్బా ఇవ్వడం, "ఇది మనిద్దరికే తెలియాలి" అనడం చూస్తే నిలబడి అడగండి. సాయం చేయాలంటే క్లబ్ పేరు మీద, పుస్తకంలో రాసి, అందరి ముందూ చేయొచ్చు. దాత పేరు కూడా ఆ పిల్లకి తెలియక్కర్లేదు.

సర్టిఫికెట్ల గురించి ఎవరూ మాట్లాడరు గానీ, నా లెక్కలో ఇదే పెద్ద సంకెల. పిల్ల వేరే క్లబ్‌కి పోతుందేమోనని కొందరు కోచ్‌లు ఒరిజినల్స్ తమ బీరువాలో పెట్టుకుంటారు. కోటాకి కావాల్సిన కాగితం ఆయన దగ్గరుంటే ఆ పిల్ల ఆయనకి ఎదురు చెప్పగలదా? మీట్ (పోటీ) అయిన వారంలోపే ఒరిజినల్స్ ఇంటికి ఇచ్చేసి సంతకం తీసుకోండి. సెలక్షన్ కూడా ఒక్కరి నోటి మాట మీద జరగకూడదు. ఎవరు ఎంతెత్తారో బోర్డు మీద రాయండి, ఇద్దరు సంతకం చేయండి.

టూర్లు

ఎక్కువ తేడాలు జరిగేది ఇక్కడే. ఆమదాలవలసలో రాత్రి రైలెక్కి, వేరే జిల్లాలో ఏదో బడి గదిలో చాపలేసుకుని పడుకుంటారు. ఆడపిల్లల జట్టు వెళ్లాలంటే ఒక ఆడమనిషి వెంట ఉండాల్సిందే. దొరక్కపోతే మీట్ మానుకోండి. ఏడాదికి మీట్లు చాలా ఉంటాయి. పెద్దవాళ్లు పిల్లల గదిలో పడుకోకూడదు, పక్క గదిలో ఉండాలి. ఏ పిల్లనీ కోచ్ గదికి పిలిపించకూడదు, "టాబ్లెట్ ఇస్తాను రా" అని కూడా. ప్రతి రాత్రీ పిల్లలు ఇంటికి ఫోన్ చేసుకోవాలి, స్పీకర్ పెట్టి కోచ్ పక్కన నిలబడకుండా.

దెబ్బలు, బరువు తగ్గించడం

"దెబ్బ పడితేనే మెడల్" అనే మాట నేనూ అన్నాను. తన అదుపులో ఉన్న పిల్లల్ని ఎవరైనా కొట్టినా, బాధ పడేలా నిర్లక్ష్యం చేసినా 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. బెత్తం గ్రౌండ్‌లోకి రాకూడదు, గుంజీలు శిక్షగా తీయించకూడదు.

ఇంకొకటి నా తప్పు. ఒక జిల్లా మీట్‌కి ముందు పదిహేనేళ్ల కుర్రాడు తన బరువు కేటగిరీకి కిలోన్నర ఎక్కువున్నాడు. ముందురోజు నీళ్లు ఆపించాను. పొద్దున్నే స్వెట్టర్ వేయించి పరిగెత్తించాను. బరువు సరిపోయింది. ప్లాట్‌ఫారం మీద రెండో అటెంప్ట్‌లో కళ్లు తిరిగి వెనక్కి పడ్డాడు. బార్ ముందుకు పడబట్టి బతికిపోయాడు. వాళ్ల మామ్మకి చెప్పడానికి వెళితే ఆవిడ నన్ను ఒక్క మాటైనా అనలేదు. "మీరుండబట్టి సరిపోనాది మాస్టారూ" అంది. తిట్టి ఉంటే బాగుండేది. ఇంట్లోవాళ్లు కోచ్‌ని ఎంతగా నమ్ముతారో, ఎందుకు ఫిర్యాదు చేయరో ఆ రోజు తెలిసింది.

ఎదిగే పిల్లలకు నీళ్లు ఆపి బరువు తగ్గించకండి. పై కేటగిరీలో ఆడించండి. మేలో ప్రాక్టీస్ ఎండెక్కకముందే ముగించండి. ఏమి కలిపారో తెలియని పౌడర్లు, ఇంజెక్షన్లు క్లబ్‌లోకి రానివ్వకండి. డోప్ పరీక్షలో దొరికితే చిన్నపిల్లలనీ సస్పెండ్ చేస్తారు, ఇచ్చినవాడు మాత్రం ఊళ్లో తిరుగుతుంటాడు.

పిల్లల్ని అడగండి

మూడు నెలలకోసారి కోచ్ లేనప్పుడు, ఆ ఇద్దరు బాధ్యులూ పిల్లలతో కూర్చోవాలి. "ఇబ్బందులేమైనా ఉన్నాయా?" అంటే లేవంటారు, మన పెంపకం అలాంటిది. "ఇక్కడ నీకు నచ్చని చోటేది? ఏ టైమ్‌లో క్లబ్‌కి రావాలనిపించదు?" అని అడగండి. చీటీలు రాయించండి. ఉన్నట్టుండి మానేసిన పిల్లల ఇంటికి వెళ్లి ఎందుకో కనుక్కోండి. పాలు మానేసిన పసిపిల్లలా ఒక్కసారిగా ముడుచుకుపోయిన పిల్ల కనబడితే కసురుకోకుండా కనిపెట్టుకుని ఉండండి.

ఒక పిల్ల వచ్చి చెబితే

ఇది జరిగిన రోజు మీకే కాళ్లు వణుకుతాయి. అందుకే ముందే చదివి ఉంచుకోండి.

చెప్పేది ఆపకుండా వినండి. "నిజమేనా?", "అప్పుడే ఎందుకు చెప్పలేదు?", "నువ్వెందుకెళ్లావు?" ఈ మూడు ప్రశ్నలూ నోట్లోంచి రాకూడదు. "చెప్పి మంచి పని చేశావు, నీ తప్పేం లేదు" అనండి. ఎవరికీ చెప్పనని మాటివ్వకండి, ఎందుకంటే చెప్పక తప్పదు. "నీకు సాయం చేయగలిగినవాళ్లకే చెబుతాను" అనండి. గుచ్చిగుచ్చి వివరాలు అడగొద్దు, అది పోలీసుల పని. పిల్ల వెళ్లాక ఆమె మాటల్నే, ఆమె యాసలోనే, తేదీ టైము వేసి రాసి పెట్టండి. మీరు అర్థం చేసుకున్నది రాయకండి.

అదే రోజు 1098కో 112కో ఫోన్ చేయండి, లేదా నేరుగా స్టేషన్‌కెళ్లండి. ఇది మీ ఇష్టానికి వదిలేసిన విషయం కాదు. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా, సంస్థ బాధ్యుడు తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాస్తే ఏడాది దాకా జైలు ఉంది. మంచి ఉద్దేశంతో చెప్పినందుకు మీ మీద కేసు ఉండదు. గుంటూరులో టూర్‌లో జరిగినా ఇక్కడి స్టేషన్‌లోనే ఎఫ్‌ఐఆర్ రాయించుకోవచ్చు.

తల్లిదండ్రులు పోలీసంటే భయపడతారు. వాళ్లకి ఇవి చెప్పండి. పిల్ల స్టేషన్‌కి రానక్కర్లేదు. వాంగ్మూలం ఇంటి దగ్గరే, వీలైనంతవరకు మహిళా ఎస్సై, యూనిఫాం లేకుండా తీసుకోవాలి. ఆడపిల్లని మహిళా డాక్టరే పరీక్షించాలి, పిల్ల నమ్మే మనిషి పక్కన ఉండొచ్చు. ఈమధ్యే జరిగినదైతే స్నానం చేయించకుండా, ఆ బట్టలు ఉతక్కుండా ముందు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఎఫ్‌ఐఆర్ లేదని ఆస్పత్రివాళ్లు వెనక్కి పంపకూడదు. పిల్ల పేరు పేపర్లో వేయడం నేరం.

ఈలోగా ఊళ్లో కబురు పాకుతుంది, పెద్దమనుషులు వస్తారు. "గుంట పెళ్లి కావాల్సింది, పరువు పోతాది, ఏదో ఒకటి సర్దేసుకుందాం" అంటారు. రావిచెట్టు కింద డబ్బు మాట్లాడి రాజీ చేసే విషయం కాదిది, చట్టంలో అలాంటి వీలే లేదు. ఆ కూటానికి మీరు వెళ్లకండి, తల్లిదండ్రుల్నీ వెళ్లనివ్వకండి. ఎవరి మీద చెప్పారో ఆ మనిషిని పిలిచి "నిజమేనా?" అని కూడా అడగొద్దు. అడిగారంటే, పోలీసులు వచ్చేలోపు ఫోన్లోని మెసేజ్‌లు ఉండవు, పిల్లని బెదిరించడానికి టైమ్ దొరుకుతుంది. కేసు తేలేదాకా క్లబ్‌కి రావొద్దని రాతపూర్వకంగా చెప్పండి, కారణం మిగతా పిల్లల ముందు చర్చించకండి. ఆయన నేరస్థుడో కాదో కోర్టు చూసుకుంటుంది.

కొందరు తల్లిదండ్రులు మిగతా పిల్లల్ని మాన్పించేస్తారు. మా దగ్గరా ఒక చిన్న గొడవకే ఇరవై మందిలో తొమ్మిది మంది మిగిలారు. ఆర్నెల్లకి ఒక్కొక్కరూ తిరిగొచ్చారు.

చెప్పిన పిల్ల మళ్లీ ఎప్పుడొస్తుందో ఆమే నిర్ణయించుకోవాలి. వచ్చిన రోజు ఆమె ప్లాట్‌ఫారం, ఆమె టైము, ఆమె పదిహేను కిలోల బార్ ఉన్నచోటే ఉండాలి. జాలిగా చూడొద్దని సీనియర్లకి ముందే చెప్పి ఉంచండి. కేసు గురించి ఎవరూ అడగొద్దు. "ఇవాళ స్నాచా, జర్కా?" అని అడగండి, చేతులకి రాసుకునే చాక్ పొడి డబ్బా ఇటు జరపండి.